ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఒడ్డు నుంచి ట్రిగ్గర్‌ఫిష్, గిల్ట్‌హెడ్ బ్రీమ్ పడతాయా? ఎప్పుడు, ఎక్కడ?

సౌతాంప్టన్_బందరోడు:

అందరికీ నమస్తే. మాది బందరు, ఇప్పుడు ఉండేది సౌతాంప్టన్‌లో. కొంతకాలంగా వేసవిలో ఒడ్డు నుంచి గాలం వేస్తున్నాను. ఇప్పటిదాకా పడ్డవన్నీ మాకెరల్, అంటే మన కానాగంతల చుట్టాలు, ఇంకా పౌటింగ్, ఎప్పుడూ వదలని డాగ్‌ఫిష్. ఈ మధ్య ఎర కొనడానికి టాకిల్ షాపుకు, అంటే గాలం సామాన్ల కొట్టుకు వెళ్తే అక్కడ గోడ మీద చెసిల్ బీచ్‌లో (డోర్సెట్ తీరంలో, పోర్ట్‌లాండ్ పక్కన) పట్టిన ట్రిగ్గర్‌ఫిష్ ఫొటో ఉంది, పక్కనే కళ్ల మధ్య బంగారు పట్టీ ఉన్న గిల్ట్‌హెడ్ బ్రీమ్ ఫొటో. ఇవి మధ్యధరా చేపలు కదా, ఇక్కడికెలా వచ్చాయి అని అడిగితే షాపాయన నవ్వి "వేసవిలో వచ్చి పోతాయి" అన్నాడు, అంతకంటే ఏం చెప్పలేదు, వెనక క్యూ ఉంది.

నా దగ్గర 12 అడుగుల బీచ్‌కాస్టర్ (ఒడ్డు నుంచి దూరం విసిరే రాడ్), పెద్ద ఫిక్స్‌డ్ స్పూల్ రీల్, 5 ఔన్సుల సీసం గుండ్లు ఉన్నాయి. బోటు లేదు, కొనే ఉద్దేశమూ లేదు. ఒడ్డు నుంచి ఈ వెచ్చనీటి చేపలు నిజంగా పడతాయా, లేక ఎవరికో ఒకరికి పడితే ఫొటో పెట్టుకున్నారా? ఏ నెలలో వెళ్లాలి, చెసిల్ దాకా డ్రైవ్ చేయాలా, దగ్గర్లో ఏమైనా ఉందా? ఎంత దూరం విసరాలి? నాకు కాస్టింగ్ అంత గొప్పగా రాదు, అదే నా టెన్షన్. లైసెన్సు సంగతి కూడా చెప్పండి. ఒక్కోసారి మా ఇద్దరు పిల్లలు కూడా వస్తారు, కాబట్టి జాగ్రత్తలేమైనా ఉంటే చెప్పండి.

వేమత్_గులకరాళ్లు:

అన్నా, పడతాయి. కానీ మీరు అడిగిన రెండు చేపలకీ పద్ధతి ఒకటి కాదు, చోటూ ఒకటి కాదు. నాకు బాగా తెలిసింది ట్రిగ్గర్ గురించి, అదే చెప్తాను, గిల్ట్‌హెడ్ గురించి వేరేవాళ్లు చెప్తారు.

ముందు నెల సంగతి. ఇక్కడ అందరూ చేసేది ఏమిటంటే జూన్‌లో ఎండ కాయగానే వెచ్చనీటి చేపలు వచ్చేశాయనుకుని బయల్దేరతారు. గాలి వేడెక్కినంత త్వరగా సముద్రం వేడెక్కదు. ఫిబ్రవరి, మార్చిలో ఇంగ్లిష్ చానెల్ నీళ్లు 8, 9 డిగ్రీలు ఉంటాయి, జూన్‌లో కూడా ఇంకా చల్లగానే ఉంటాయి, 17, 18కి చేరేది ఆగస్టు చివర, సెప్టెంబరులోనే. స్కూళ్లు తెరిచాక, బీచ్ ఖాళీ అయ్యాక, మనవాళ్లు స్వెటర్లు వేసుకోవడం మొదలెట్టే టైమ్‌లో, సముద్రం మాత్రం ఏడాదిలోకెల్లా వెచ్చగా ఉంటుంది. ట్రిగ్గర్‌కి నేను ఎంచుకునేది ఆగస్టు రెండో సగం నుంచి అక్టోబరు మొదటి వారం దాకా. జులైలో కూడా అక్కడక్కడా పడతాయి, కాదనను. మే, జూన్‌లో చెసిల్‌లో ఎర వేస్తే స్పైడర్ క్రాబ్‌లు, అవి పీతలు కాదు బకాసురులు, ఎర తినేసి లైన్ చుట్టుకుని వస్తాయి, ఆ నెలల్లో డబ్బు దండగ.

రెండోది, మీ కాస్టింగ్ టెన్షన్ వదిలేయండి. చెసిల్ నిటారుగా దిగిపోయే గులకరాళ్ల ఒడ్డు, ముఖ్యంగా పోర్ట్‌లాండ్ వైపు ఇరవై, ముప్పై గజాల్లోనే మంచి లోతు వస్తుంది. ట్రిగ్గర్ బండలు, పాత ఓడ శిథిలాలు, నాచు దగ్గర తిరిగే చేప. చెసిల్ కోవ్ వైపు రాళ్ల పక్కన వేస్తే పడుతుంది, వంద గజాల అవతల ఉత్త ఇసుకలో వేస్తే డాగ్‌ఫిషే. నేనైతే అక్కడ బీచ్‌కాస్టర్ కూడా తీయను, బాస్ చేప కోసం వాడే తేలిక రాడ్, 2 ఔన్సుల గుండు చాలు. కుదిరితే ఫ్లోట్ కట్టి ఎరను అడుక్కి కాస్త పైన వేలాడదీస్తాను.

మూడోది, ఇది చాలామంది నమ్మరు. ఇంగ్లండ్ బీచ్ ఫిషింగ్ అంటే రాత్రి, గాలి, మురికి అల అని పుస్తకాల్లో రాస్తారు, బాస్, కాడ్ పట్టేవాళ్ల మాట అది. ట్రిగ్గర్ చూపు మీద బతికే పగటి చేప. ఎండ కాయాలి, నీళ్లు తేటగా ఉండాలి, అల సద్దుమణిగి రెండు మూడు రోజులవ్వాలి. అందుకే పున్నమి, అమావాస్యల పెద్ద పోటు కన్నా అష్టమి దగ్గరి చిన్న పోటు రోజుల్నే నేను ఎంచుకుంటాను, ఇసుక లేవదు, నీళ్లు తేటగా ఉంటాయి. మీ బందరు లెక్క ఇక్కడా పనికొస్తుంది.

కొక్కెం దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఈ చేప నోరు చిన్నది, పళ్లు మాత్రం గవ్వలు, పీతలు కొరికే పళ్లు. సన్న తీగ కొక్కేలను వంచేస్తుంది, కొరికేస్తుంది. సైజు 1 లేదా 2, మందంగా, పొట్టి కాడ ఉన్నవి తీసుకోండి. ఎర స్క్విడ్ ముక్క, వేలెడు పొడవు మించకుండా, లేకపోతే చివర్లు కొరికి పోతుంది. మస్సెల్ కూడా బాగానే తింటుంది కానీ సాగే సన్న దారంతో గట్టిగా చుట్టాలి. రాడ్ కొన మీద చిన్న చిన్న టకటకలు వస్తాయి, వెంటనే గుంజకండి, లైన్ బరువెక్కే దాకా ఆగండి.

పడ్డాక నోట్లో వేలు పెట్టొద్దు. తోలు మందం, వీపు మీది మొదటి ముల్లు లేచి తాళం వేసినట్టు నిలబడిపోతుంది, ఎంత నొక్కినా దిగదు, దాని వెనకున్న చిన్న ముల్లును నొక్కితే దిగుతుంది. ట్రిగ్గర్ అన్న పేరు అందుకే. పొడుగు ప్లయర్స్‌తో కొక్కెం తీయండి.

పోర్ట్‌సీ_పీత:

పైన చెప్పినదంతా ట్రిగ్గర్‌కి కరెక్టే. గిల్ట్‌హెడ్ కోసం మాత్రం దయచేసి చెసిల్‌కి వెళ్లకండి బందరోడు గారూ, మీ ఇంటి పక్కనే పెట్టుకుని అక్కడిదాకా ఎందుకు పెట్రోలు తగలేస్తారు. గిల్ట్‌హెడ్‌కి నది ముఖాలు, బురద హార్బర్లు, ఉప్పునీళ్లు మంచినీళ్లు కలిసే చోట్లు ఇష్టం. కార్న్‌వాల్‌లో ఫాల్, హెల్‌ఫర్డ్, డెవాన్‌లో సాల్కమ్ వైపు వీటికి పేరు. మన వైపు లాంగ్‌స్టన్ హార్బర్, హేలింగ్ ఐలండ్, పోర్ట్స్‌మత్ చుట్టుపక్కల కొన్నేళ్లుగా ఏటా వస్తున్నాయి. సౌతాంప్టన్ నుంచి అరగంట, ముప్పావుగంట డ్రైవ్. మే చివర నుంచి అక్టోబరు దాకా ఛాన్స్ ఉంటుంది, అంటే ట్రిగ్గర్ కన్నా సీజన్ పెద్దది.

ఎర విషయంలో నాకు ఒకటే మాట: పీలర్ క్రాబ్, అంటే పెంకు విడవబోతున్న పీత. రాగ్‌వార్మ్, లగ్‌వార్మ్ అనే సముద్రపు పురుగుల్ని కూడా తింటాయి కానీ వాటిని చిన్న చిన్న చేపలు కూడా తినేస్తాయి, పది నిమిషాలకోసారి ఎర మార్చాలి. పీతను సగానికి కోసి, కాళ్లు తీసేసి, సన్న దారంతో కొక్కేనికి చుట్టండి. కొక్కెం 1/0 సైజు, మందంగా. గిల్ట్‌హెడ్ దవడ వెనక వరసలో గుండ్రటి దంతాలుంటాయి, గవ్వల్ని నలిపి తినే దవడ అది, పల్చటి కొక్కెం అక్కడ నలిగిపోతుంది.

పోటు మొదలైన రెండో గంట నుంచి, బురద మీదికి నీళ్లు ఎక్కుతున్నప్పుడు వాటితో పాటే చేపలూ పైకి వస్తాయి, ఒక్కోసారి మోకాలి లోతు నీళ్లలోకి. ఇక్కడ నా లెక్క వేమత్ అన్న లెక్కకి తిరగేసి: పెద్ద పోటు రోజులే నాకిష్టం. ఇంకో సంగతి, సోలెంట్‌లో, అంటే ఐల్ ఆఫ్ వైట్‌కీ మన ఒడ్డుకీ మధ్య సముద్రంలో, పోటు మన కోస్తాలాగా ఒక్కసారి ఎక్కి దిగదు. సౌతాంప్టన్ దగ్గర నిండు పోటు రెండుసార్లు వస్తుంది, మధ్యలో నీళ్లు చాలాసేపు నిలబడి ఉంటాయి, ఆ తర్వాత పాటు, అంటే నీళ్లు వెనక్కి తగ్గడం, మాత్రం చకచకా లాగేస్తుంది. విశాఖలో పెద్ద పోటుకీ పాటుకీ తేడా ఒకటిన్నర మీటరు లెక్క, ఇక్కడ నాలుగు మీటర్లు దాటుతుంది. టైడ్ టేబుల్ చూడకుండా బయల్దేరకండి. ఎంత చేప కనిపించినా హార్బర్ బురదలోకి దిగకండి, నడుం దాకా దిగబడిపోతారు, గులకరాళ్ల అంచు మీదే ఉండండి.

రాడ్‌ని స్టాండ్ మీద పెట్టి డ్రాగ్, అంటే రీల్ బ్రేకు, బిగించి టీ తాగడానికి వెళ్తే తిరిగొచ్చేసరికి రాడ్ ఉండదు. ఇది జోక్ కాదు, గిల్ట్‌హెడ్ ఎర పట్టుకుని తిరిగి పరిగెత్తే తీరు అలాంటిది. డ్రాగ్ వదులుగా పెట్టండి, లేదా రాడ్ చేతిలోనే పట్టుకోండి.

పెద్దది పడితే వదిలేయమని నా మనవి. ఈ జాతి పిల్లప్పుడు మగ, పెద్దయ్యాక ఆడగా మారుతుంది. అంటే చేతిలో ఉన్న పెద్ద చేప దాదాపు ఖాయంగా గుడ్లు పెట్టేదే. మధ్య సైజుది ఒకటి ఇంటికి పట్టుకెళ్లండి, ఎవరూ ఏమనరు.

రెడింగ్_రొయ్య:

ఎందుకు బ్రో ఇంత కష్టం? సూపర్‌మార్కెట్‌లో సీ బ్రీమ్ అని అమ్మేది ఈ గిల్ట్‌హెడే, టర్కీ, గ్రీస్ చెరువుల్లో, అదే పంజరాల్లో పెంచింది. శుభ్రం చేసి ఇస్తారు. పులుసు పెట్టుకో, హాయిగా పడుకో 😀

సీరియస్‌గా అయితే, పిల్లలు వస్తారన్నారు కాబట్టి ఆగస్టులో సాయంత్రం మాకెరల్ పట్టించండి. ఈకల లైన్, అంటే ఈకలు కట్టిన కొక్కేలు వరసగా ఉన్న లైన్, వేస్తే ఒక్కో లాగుడికి మూడు నాలుగు వస్తాయి, పిల్లలకి బోర్ కొట్టదు. ట్రిగ్గర్ కోసం నాలుగు గంటలు కూర్చోబెడితే మళ్లీ జన్మలో మీతో రారు.

పోర్ట్‌సీ_పీత:

@రెడింగ్_రొయ్య పంజరం చేపకీ దీనికీ రుచిలో పోలికే లేదు, తిన్నవాళ్లని అడగండి. పిల్లల సంగతి మాత్రం ఒప్పుకుంటాను. మాకెరల్‌కి కూడా ఒక మాట: 2025లో ఐసీఈఎస్, అంటే ఉత్తర అట్లాంటిక్ చేపల లెక్కలు చూసే శాస్త్రవేత్తల సంస్థ, ఆ మరుసటి ఏడాదికి మాకెరల్ వేటను డెబ్బై శాతం తగ్గించాలని చెప్పింది. అది పెద్ద ట్రాలర్ల వల్ల, మన ఈకల లైన్ వల్ల కాదు, తెలుసు. అయినా బకెట్ నింపేసి, ఫ్రీజర్‌లో పడేసి, సంక్రాంతికి చెత్తలో వేసే మన అలవాటు ఉంది చూశారూ, అది మానితే చాలు.

నర్సక్క_పూల్:

ఫిషింగ్ నాకు రాదు, మా ఆయనది ఆ పిచ్చి. పిల్లలు అన్నారు కాబట్టి రాస్తున్నా. వేసవిలో ఇసుక బీచ్‌ల్లో వీవర్ అనే చిన్న చేప ఉంటుంది, అరచేయంత కూడా ఉండదు, ఇసుకలో పూడుకుని కళ్లు, వీపు మీది నల్ల రెక్క మాత్రం బయట పెడుతుంది. ఆ రెక్క ముళ్లలో విషం. పాటు బాగా లాగేసినప్పుడు మోకాలి లోపు నీళ్లలో నడిచేవాళ్ల కాలికి గుచ్చుకుంటుంది, గాలానికి పడితే కొక్కెం తీసేవాడి చేతికి. ప్రాణం పోదు, నొప్పి మాత్రం పెద్ద మగవాళ్లు కూడా ఏడ్చేంత.

చేయాల్సింది ఐస్ పెట్టడం కాదు, వేడినీళ్లు. తట్టుకోగలిగినంత వేడిగా, కాలకుండా, కనీసం అరగంట ఆ కాలో చెయ్యో అందులో ముంచి ఉంచాలి. విషం వేడికి చెడిపోతుంది. గుచ్చుకున్న చోట తిమ్మిరిగా ఉంటుంది, వేడి తెలియదు, అందుకని దెబ్బ తగలని చేత్తో ముందు నీళ్లు చూడండి, పిల్లలకైతే మీ చేత్తో. ఫ్లాస్కులో వేడినీళ్లు, చల్లార్చుకోవడానికి మామూలు నీళ్లు, ఒక చిన్న బకెట్, అంతే కావాల్సింది. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా 999 (ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు) చేయండి. పిల్లలకి నీటి చెప్పులు వేయండి, ఉత్త కాళ్లతో దింపకండి.

చెసిల్ అంటే నాకు ఇంకో భయం. మా ఆయన్ని అల పెద్దగా ఉన్న రోజు వెళ్లనివ్వను. ఆ ఒడ్డు నిటారు, కాలి కింద రాళ్లు జారతాయి, వెనక్కి వెళ్లే అల మనిషిని లాగేస్తుంది, పిల్లల్ని అడగనే అక్కర్లేదు.

వేమత్_గులకరాళ్లు:

అక్క చెప్పింది అక్షరాలా నిజం. చెసిల్‌కి పిల్లల్ని తీసుకురావద్దనే నేనూ అంటాను. అల చివరి అంచు దగ్గర చేప చిక్కుకుందని దాన్ని అందుకోవడానికి కిందికి దిగి కొట్టుకుపోయినవాళ్లున్నారు. చేప పోతే పోనీ, తర్వాతి అల దాన్ని పైకి తోసేదాకా ఆగి, ఆ అలతో పాటే వెనక్కి నడుస్తూ లాగండి. ఎవరైనా నీళ్లలో పడితే దూకకండి, 999 చేసి కోస్ట్‌గార్డ్ అని అడగండి. వెస్ట్ బే, బర్టన్ బ్రాడ్‌స్టాక్ వైపు వెళ్తే ఆ పసుపు కొండల కింద కూర్చోవద్దు, రాళ్లు విరిగి పడుతూనే ఉంటాయి.

ఇంకోటి, 5 ఔన్సుల గుండు గట్టిగా విసరాలంటే షాక్‌లీడర్, అంటే లైన్ చివర మందపాటి లైన్ ముక్క, కట్టి తీరాలి. ఔన్సుకి 10 పౌండ్ల లెక్కన 50 పౌండ్ల లైన్. లేకపోతే విసిరేటప్పుడు లైన్ తెగి గుండు బుల్లెట్‌లా పోతుంది, పక్కన మనిషి ఉంటే అంతే సంగతి.

సౌతాంప్టన్_బందరోడు:

ఇంత రాస్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. అయితే ప్లాన్ ఇదీ: పిల్లలతో ఆగస్టులో మాకెరల్, నేను ఒక్కణ్నే హేలింగ్‌లో గిల్ట్‌హెడ్, సెప్టెంబరులో ఎండ చూసుకుని పోర్ట్‌లాండ్. రెండు డౌట్లు మిగిలాయి. లైసెన్సు గురించి ఎవరూ చెప్పలేదు. ఇంకోటి, ఈ చేపలు చలికాలంలో ఎక్కడికి పోతాయి? నిజంగా తిరిగి వెళ్లిపోతాయా?

వేమత్_గులకరాళ్లు:

ఇంగ్లండ్‌లో సముద్రంలో రాడ్‌తో పట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. నదులు, చెరువులకే రాడ్ లైసెన్సు. సాల్మన్, సీ ట్రౌట్ మాత్రం ఉప్పునీళ్లలో పడినా ఆ లైసెన్సు కావాలి, పొరపాటున పడితే వదిలేయండి. బాస్‌కి వేరే రూల్: 42 సెంటీమీటర్ల లోపుది ఉంచుకోకూడదు, రోజుకి ఎన్ని అన్నది ఏటా మారుతుంది, 2024లో రెండు, అదీ ఏప్రిల్ నుంచి జనవరి చివరి దాకా. ఆ ఏడాది ఫిబ్రవరి, మార్చిలో ఒక్కటి కూడా ఉంచుకోనివ్వలేదు. వెళ్లే ముందు ప్రభుత్వ వెబ్‌సైట్ చూసుకోండి. డోర్సెట్, హాంప్‌షైర్, ఐల్ ఆఫ్ వైట్ తీరానికి సదరన్ ఐఎఫ్‌సీఏ అని ఒక సంస్థ ఉంది, మిగతా చేపల కనీస సైజులు వాళ్ల సైట్లో ఉంటాయి. అన్నట్టు ఇక్కడి బాస్ మన పండుగప్ప కాదు, రెండింటినీ సీ బాస్ అంటారని కొందరు పొరబడతారు, పులుసుకి మాత్రం రెండూ ఒకటే.

చలికాలం సంగతి ట్రిగ్గర్ విషయంలో కాస్త విషాదమే. అట్లాంటిక్ వెచ్చనీళ్లతో పాటు పైకి వస్తాయి, నీళ్లు చల్లబడ్డాక తిరిగి వెళ్లలేనివి మొద్దుబారి చచ్చిపోతాయి. నవంబరు, డిసెంబరు, జనవరిలో కార్న్‌వాల్, వేల్స్ బీచ్‌ల మీదికి ట్రిగ్గర్లు కొట్టుకొస్తుంటాయి. అందుకే సెప్టెంబరులో పట్టిన ట్రిగ్గర్‌ని ఇంటికి పట్టుకెళ్లడానికి నేను పెద్దగా బాధపడను. గిల్ట్‌హెడ్ అలా కాదు, చల్లబడ్డాక లోతుకి జారుకుని మళ్లీ వచ్చే వేసవికి అదే హార్బర్‌కి వచ్చేవి ఉన్నాయి, కాబట్టి పీత గారు వదిలేయమన్నది సబబే.

సముద్రం మారుతోంది అన్నది కళ్ల ముందే ఉంది. 2023 జూన్‌లో బ్రిటన్ చుట్టూ నీళ్లు మామూలు కన్నా కొన్ని డిగ్రీలు వేడెక్కాయి, వార్తల్లో వచ్చింది. 2025లో డెవాన్, కార్న్‌వాల్ తీరానికి ఆక్టోపస్‌లు గుంపులుగా వచ్చి పీతలు పట్టేవాళ్ల బుట్టల్లో దూరి పీతల్ని, లాబ్‌స్టర్లని తినేశాయి. మనకి కొత్త చేప పడిందని సంబరం, అక్కడ బుట్టలు వేసుకుని బతికేవాడికి ఖాళీ పెంకులు.

ఇంకో చేప ఉంది, ఎవరూ చెప్పలేదు. సెప్టెంబరు, అక్టోబరులో చెసిల్‌లో రెడ్ మల్లెట్ పడుతుంది. మూతి కింద రెండు మీసాలు, ఎర్రగా, చిన్నగా, మన గులివిందల కుటుంబమే. సైజు 4 కొక్కెం, చిన్న రాగ్‌వార్మ్ ముక్క, దగ్గర్లో వేస్తే చాలు. బందరు మనిషి కదా, వేయించుకుని తింటే ట్రిగ్గర్‌ని మర్చిపోతారు.

రెడింగ్_రొయ్య:

గులివిందలు అన్నారు కాబట్టి నేనూ వస్తున్నా. ఎవరి కారు?

సౌతాంప్టన్_బందరోడు:

కారు నాది, పెట్రోలు నీది. పీత గారూ, పీలర్ క్రాబ్ ఎక్కడ దొరుకుతుంది? మొన్న అడిగితే లేవన్నారు.

పోర్ట్‌సీ_పీత:

శనివారం పొద్దున్నే వెళ్తే ఎక్కడా ఉండవు. బుధవారమో గురువారమో షాపుకి ఫోన్ చేసి చెప్పి పెట్టుకోండి, శుక్రవారం సాయంత్రం తెచ్చుకుని తడి గుడ్డ కప్పి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి, బతికే ఉంటాయి. నీళ్లలో వేయకండి, పెంకు విడిచేసి గట్టిపడిపోతే ఎరకి పనికిరావు. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి, డబ్బా మీద పేరు రాయండి.